నాన్న చెరిపిన మచ్చ

ఆ ఎండాకాలం మా ఇంటిల్లిపాదికీ చర్మం పిచ్చి పట్టింది. రోడ్డుకి అవతల, మా ఫొటో స్టూడియోకి సరిగ్గా ఎదురుగా, చెప్పుల కొట్టువాళ్ళు ఖాళీ చేసిన గదిలో ఒక చర్మం డాక్టరమ్మ క్లినిక్ తెరిచింది. పులిపిర్లు, పుట్టుమచ్చలు, మొటిమలు, దురదలు అని బోర్డు మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాయించింది. మా ఇంట్లో ఎవరో ఒకరికి వర్తించని మాట ఆ బోర్డు మీద ఒక్కటీ లేదు.

మాది కింద స్టూడియో, పైన ఇల్లు. కాలేజీల్లో చేరే రోజులు కావడంతో అప్లికేషన్ ఫొటోల కోసం పిల్లలు మెట్ల దాకా వరసలో నిలబడేవాళ్ళు. నా డిగ్రీ పరీక్షలు అయిపోయాయి, కంప్యూటరు ముందు కుర్చీ మొదటిసారి నాకు దక్కింది. నాన్న ఫొటో తీస్తాడు, నేను దిద్దుతాను. దిద్దడమంటే ముఖ్యంగా మచ్చలు తీసేయడమే. మా స్టూడియోకి పేరొచ్చిందే దానివల్ల. అడిగినా అడక్కపోయినా, మొహం మీదా మెడ మీదా చుక్కంటూ కనపడితే తీసేయాల్సిందే. "మన దగ్గరికి మచ్చతో వచ్చినవాడు మచ్చతో వెళ్తే అది మనకి మచ్చ" అని నాన్న నాకు మొదటిరోజే పాఠం చెప్పాడు. మౌసు పట్టుకుని టకటకా నొక్కుతుంటే జనం నున్నగా అయిపోతుండేవాళ్ళు. నేను ఏదో పెద్ద వైద్యం చేస్తున్నట్టే పొంగిపోయేదాన్ని.

డాక్టరమ్మ కూడా క్లినిక్ గోడకి పెట్టుకోవడానికి ఫొటో దిగింది. సాయంత్రం కవరు తీసుకెళ్ళి, పది నిమిషాల్లో రోడ్డు దాటి వెనక్కి వచ్చేసింది.

"ఫొటో చాలా బాగుందండీ. ఎవరిది?" అంది.

నాన్న కంగారుగా కవరు మీద నంబరు చూశాడు. "మీదేనండీ."

"నాకు గడ్డం మీద మచ్చ ఉంది కదా. దాన్నేం చేశారు?"

"తీసేశామండీ. అందరికీ తీసేస్తాం."

"బావుంది! అది తీయాలంటే నేను ఇంజెక్షన్, కత్తి, కుట్లు, నానా తంటాలు పడాలి. మీరేమో కూర్చున్నచోట తీసేస్తున్నారు. కొట్టు పెట్టి వారం కాలేదు, అప్పుడే నా పొట్ట కొడతారా?" అని పకపకా నవ్వింది. "దయచేసి మళ్ళీ పెట్టేయండి. మా అమ్మ చూస్తే ఈవిడెవరే అంటుంది."

నాన్న మొహం చూడాలి అప్పుడు. నేను తల తిప్పుకుని నవ్వాపుకున్నాను. పైనుంచి చూస్తున్న అమ్మ మాత్రం నవ్వు ఆపుకోలేదు. అలా ఆ డాక్టరమ్మకీ మా ఇంటికీ రాకపోకలు మొదలయ్యాయి.

మొదట వెళ్ళింది మా పిన్ని. అమ్మకి చెల్లెలు, మాతోనే ఉండేది. కేకుల షాపులో క్రీముతో పువ్వులు వేసి, పేర్లు రాయడం ఆమె పని. కుడిచేతి చూపుడువేలి మీద ఒక పులిపిరి లేచింది. దాన్ని గిల్లీ గిల్లీ బొటనవేలికి కూడా అంటించుకుంది. వెల్లుల్లి రుద్దింది, కొవ్వొత్తి మైనం వేసింది, నా జడలోంచి వెంట్రుక పీకి దాని చుట్టూ గట్టిగా ముడి కూడా వేసింది. ఏం చేసినా అది దర్జాగా పెరిగింది. ఎవరో పెద్దావిడ కేకు కొనడానికొచ్చి "ఆ చేత్తోనేనా రాస్తావు?" అందట. షాపు ఓనరు ఆ మర్నాడే పిన్నిని కౌంటరు దగ్గర్నుంచి తీసి వెనకాల పళ్ళాలు కడిగే గదిలో పెట్టాడు. వారం రోజులు ఇంట్లో పిన్ని మొహం మాడ్చుకుని తిరిగింది.

డాక్టరమ్మ వేలు అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది వైరస్సమ్మా. గిల్లినకొద్దీ పాకుతుంది. రోజూ యాసిడ్ మందు రాసి, మెత్తబడ్డాక అరగదీసుకోవచ్చు. నెలలు పడుతుంది. లేదంటే చల్లటి గ్యాసుతో గడ్డకట్టించొచ్చు. అదీ కాదంటే కరెంటు సూదితో కాల్చొచ్చు."

"నొప్పి లేనిది ఏదండీ?"

"ఓపిక ఉన్నవాళ్ళకి యాసిడ్ మందు."

"అయితే నాకు గడ్డకట్టించేయండి" అంది పిన్ని. ఓపిక విషయంలో తన సంగతి తనకి బాగా తెలుసు.

స్టీలు ఫ్లాస్కులోంచి తెల్లటి పొగ బుసబుసా లేచింది. పిన్ని నా భుజం పట్టుకుని, కళ్ళు మూసుకుని, వీధి చివరిదాకా వినపడేలా కేక పెట్టింది.

"ఇంకా మొదలుపెట్టలేదమ్మా" అంది డాక్టరమ్మ.

మొదలుపెట్టాక మాత్రం నోరు మెదపలేదు. వేలు తెల్లబడింది, మర్నాటికి బొబ్బ లేచింది, తర్వాత నల్లబడి రాలింది. మళ్ళీ రెండు మూడుసార్లు వెళ్ళాల్సి వచ్చింది. చివరికి వేలు నున్నగా తేలిన రోజున పిన్ని వీధిలో కనపడ్డ ప్రతివాళ్ళకీ చూపించింది. ఓనరు మళ్ళీ కౌంటరు దగ్గరికి పిలిచాడు. పిన్ని ఆ రోజు ఒక కేకు మీద ఎవరికో పుట్టినరోజు శుభాకాంక్షలు రాసి, దాని ఫొటో తీసి మాకందరికీ పంపింది.

ఇంక నాన్న ఆగుతాడా? ఆయన మెడ చుట్టూ, కెమెరా బెల్టు రాసుకునే చోట, మెత్తటి చిన్న పులిపిర్లు వేలాడేవి. డాక్టరమ్మ వాటిని కరెంటు సూదితో చిటికెలో కాల్చేసింది. అవి అంటుకునేవి కావనీ, ప్రమాదం లేనివనీ, ఒరుసుకుంటాయి కాబట్టి తీయడమేననీ చెప్పింది. నాన్న మెడ రుద్దుకుంటూ వచ్చి "వాసనొక్కటే బాలేదు, మిగతాదంతా హాయిగా ఉంది" అన్నాడు. రోజూ భోజనాల దగ్గర ఇవే కబుర్లు. ఎవరికి ఎక్కడ ఏముంది, ఏది కాల్చాలి, ఏది గడ్డకట్టించాలి అని మేమే సగం డాక్టర్లమైపోయాం.

ఒక మధ్యాహ్నం నాన్న కునుకు తీస్తుండగా అమ్మ నన్నూ పిన్నినీ వంటింట్లోకి లాగి తలుపు దగ్గరికి వేసింది. అమ్మకి ఎడమ చెవి కింద, మెడ మీద ఒక పుట్టుమచ్చ ఉంది. దాని మీద వేలు పెట్టి "ఇది తీయించేసుకుంటాను" అంది.

"ఇప్పుడెందుకక్కా?" అంది పిన్ని.

"వచ్చే నెలకి మా పెళ్ళయి పాతికేళ్ళు. మీ బావ మా ఇద్దరి ఫొటో పెద్దది చేసి స్టూడియో ముందు అద్దాల్లో పెడతానంటున్నాడు. ఈసారి ఆయన దిద్దక్కర్లేని ఫొటో దిగుతాను. కంప్యూటర్లో నా మెడ దగ్గరికి వచ్చి వెతుక్కోవాలి, తీయడానికి ఏమీ దొరక్కూడదు!" అంది. చెప్తుంటే అమ్మ కళ్ళు మెరిసిపోయాయి. ఆయనకి చెప్పొద్దని మా ఇద్దరి చేతా ఒట్టు వేయించుకుంది.

దొంగల్లా మెట్లు దిగి, ఎండలో రోడ్డు దాటాం. నాకైతే కాళ్ళు నేల మీద ఆనలేదు. డాక్టరమ్మ కూడా మమ్మల్ని చూసి "ఈసారి ఎవరి వంతు?" అని నవ్వుతూనే పిలిచింది. దీపం ఉన్న చిన్న భూతద్దం అమ్మ మెడకి ఆనించి చూసింది. చాలాసేపు చూసింది. నవ్వు మెల్లగా తగ్గింది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?"

"పుట్టినప్పట్నుంచీ ఇంతేనండీ."

"ఇంతే ఉండేదా? ఈ పక్క అంచు గండ్లు పడ్డట్టుంది. నలుపూ గోధుమరంగూ కలిసి ఉన్నాయి. పెరిగినట్టు అనిపించలేదా?"

"మెడ మీదున్నదాన్ని రోజూ ఎవరు కొలుస్తారండీ! లేజరుతో కాల్చేయండి, అయిదు నిమిషాల పని."

డాక్టరమ్మ భూతద్దం పక్కన పెట్టింది. "పులిపిర్లైతే కాల్చేస్తాను. దీన్ని కాల్చను. కాల్చేస్తే అదేమిటో పరీక్ష చేయడానికి ఏమీ మిగలదు. మొత్తం కోసి తీసి ల్యాబుకి పంపాలి. చెడ్డదైతే ఆలస్యం చేయకూడదు."

"కుట్లు పడతాయా?"

"పడతాయి. సన్నగా గీత మిగులుతుంది."

"మచ్చ పోయి గీత వస్తే నాకేం ఒరిగిందండీ? వద్దు" అని అమ్మ లేచి నిలబడింది.

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "పాత ఫొటోలు ఉన్నాయా? ఇది మారిందో లేదో మీ అమ్మగారికే చూపిద్దాం."

నేనూ పిన్నీ ఒకరినొకరు చూసుకుని నవ్వేశాం. ఫొటో స్టూడియో వాళ్ళని ఫొటోలున్నాయా అని అడగడమేంటి!

ఇంటికొచ్చి అమ్మ గబగబా పైకి వెళ్ళిపోయింది. పక్క వీధి బ్యూటీ పార్లర్‌లో లేజరు మిషను ఉందిట, ఫోన్ చేసి ఎల్లుండి పొద్దున్నకి మాట్లాడేసుకుంది. నేనూ పిన్నీ బీరువాలు తెరిచి ఆల్బములన్నీ నేల మీద పరిచాం. పెళ్ళి ఫొటో చూశాం. నున్నటి మెడ. నేను ఒళ్ళో ఉన్న ఫొటో. నున్నటి మెడ. పిన్ని పరికిణీలో పక్కన నిలబడ్డది, అమ్మ కుట్టుమిషను దగ్గర కూర్చున్నది, కంప్యూటరు వచ్చాక తీసినవి, పోయినేడాదివి, అన్నీ చూశాం. అన్నిట్లోనూ అమ్మ మెడ కడిగిన పింగాణీ కప్పులా ఉంది. పాతికేళ్ళ ఫొటోల్లో ఒక్కదాన్లో కూడా ఆ మచ్చ లేదు.

"మీ నాన్న కొంప ముంచాడే" అంది పిన్ని నీరసంగా.

ఒట్టు సంగతి దేవుడెరుగు, నేను నాన్నని లేపి అంతా చెప్పేశాను. నాన్న మంచం మీద లేచి కూర్చుని అంతా విన్నాడు.

"కంప్యూటర్లో అసలువి ఉన్నాయా నాన్నా? దిద్దకముందువి?"

"చోటు చాలదని తీసేసేవాణ్ణి" అన్నాడు. కాసేపు నేల వైపు చూసి, ఉన్నట్టుండి లేచాడు. "నెగటివ్‌లు! కంప్యూటరు రాకముందు నెగటివ్ మీదే దిద్దేవాణ్ణి. పెన్సిల్‌తో! పెన్సిల్ గీత పోదూ?"

చొక్కా బొత్తాలు పెట్టుకోకుండానే కిందికి పరిగెత్తాడు. అటక మీంచి డబ్బాలు దించి, దుమ్ము దులిపి, పెళ్ళినాటి పెద్ద నెగటివ్ తీసి లైటు పెట్టె మీద పరిచాడు. నెగటివ్‌లో అంతా తిరగబడి ఉంటుంది కదా. నల్లటి మచ్చ అక్కడ తెల్లటి చుక్కలా కనపడాలి. ఆ చుక్క మీద నాన్న పెళ్ళప్పుడే సన్నటి పెన్సిల్‌తో, పక్కన ఉన్న చర్మంలో కలిసిపోయేలా, ఓపిగ్గా గీతలు గీశాడు. అలా గీస్తే ప్రింటులో మచ్చ మాయమైపోతుంది. అదే ఆయన విద్య. అప్పట్లో దానికోసం పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చేవాళ్ళట.

నాన్న పుల్లకి దూది చుట్టి, టర్పెంటైన్‌లో ముంచి, ఊపిరి బిగబట్టి ఆ గీతల మీద ఆనించాడు. దూది బూడిదరంగుకి తిరిగింది. మళ్ళీ కొత్త దూది. మేము ముగ్గురం లైటు పెట్టె మీదికి వంగిపోయాం. తెల్లటి చుక్క ఒకటి మెల్లగా తేలింది.

"వచ్చేసింది!" అని పిన్ని చప్పట్లు కొట్టింది. "వచ్చేసింది బావా!"

నేను దాన్ని అలాగే ఫొటో తీసి, కంప్యూటర్లోకి ఎక్కించి, నలుపుని తెలుపుగా తెలుపుని నలుపుగా మార్చి పెద్దది చేశాను. అమ్మ మెడ మీద ఆవగింజంత మచ్చ. గుండ్రంగా, అంచు నున్నగా, ఒకే రంగులో ఉంది. తర్వాత కుట్టుమిషను దగ్గరిది తుడిచాడు. అదే ఆవగింజ. నేను ఒళ్ళో ఉన్నది తుడిచాడు. అప్పటికీ అంతే. నాన్న ఒక్కోటీ తుడుస్తూ "ఇదిగో ఇంకోటి, ఇదిగో ఇంకోటి" అంటూనే ఉన్నాడు. ఆ గొంతులో సంబరం ఎంతో భయమూ అంతే ఉంది.

టీ గ్లాసులతో అమ్మ కిందికి వచ్చింది. నేల మీద డబ్బాలు, నాన్న చేతిలో దూది, కంప్యూటరు నిండా తన మెడ. గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎవరు చెప్పారు మీకు?" అని నా వైపు గుడ్లురిమి చూసింది. తర్వాత కంప్యూటరు దగ్గరికి వచ్చింది. "ఇదెప్పటి ఫొటో? ఇది మన దగ్గర లేదే."

"మన పెళ్ళిదే. నా గీతలు తుడిచేశాను, అంతే" అన్నాడు నాన్న.

అమ్మ టీ గ్లాసులు బల్ల మీద పెట్టింది. నేను బొమ్మని తగ్గించి, తెర మీది మెడని అసలు మెడంత చేశాను. ఒక వేలు తెర మీది చుక్క మీద, ఇంకో చేతి వేలు తన మెడ మీద పెట్టి పోల్చి చూసుకుంది. మెడ మీది వేలు మచ్చ ఆ చివర నుంచి ఈ చివరకి జరగాల్సి వచ్చింది.

"ఇంత చిన్నదా ఇది?" అంది.

అమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఇంత చిన్నదాన్ని పట్టుకుని ఎందుకండీ అన్నిసార్లూ తీసేశారు?"

"అలవాటేనే. అందరికీ తీసేవాణ్ణి కదా."

"మీకది నచ్చదనుకున్నాను. మొదటి ఫొటో చేతికిచ్చినప్పట్నుంచీ అలాగే అనుకున్నాను. అందుకే ఎప్పుడూ కొంగు ఎడంపక్కకి లాక్కునేదాన్ని."

నాన్న తెల్లబోయి చూశాడు. దూది పుల్ల చేతిలోనే ఉంది. "నచ్చకపోవడమేంటే? ఫొటోలో అయితే దుమ్ము పడ్డా నా కంటికి ఆనుతుంది, ఎంతుందో చూడకుండానే చెయ్యి తీసేస్తుంది. ఇంట్లో నువ్వు ఎదురుగా ఉంటే ఆ మచ్చ ఉందో లేదో కూడా నేను చూడలేదు. చూసుంటే, ఇది పెరుగుతోందని నాకు తెలిసేది కదా. చూడలేదు."

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. తుడుచుకున్నాక పిన్ని వైపు తిరిగి, "ఆ పార్లర్ అమ్మాయికి ఫోన్ చేసి నేను రావట్లేదని చెప్పు" అంది. "డాక్టరమ్మ ఉందేమో చూడు. ఉంటే ఇప్పుడే వెళ్దాం, మళ్ళీ నా బుద్ధి మారకముందే."

వెళ్ళాం, అందరం. డాక్టరమ్మ నెగటివ్‌ల ఫొటోలు చూసి ఎగిరి గంతేసినంత పని చేసింది. ఇలాంటి సాక్ష్యం తనకి ఎవరూ ఎప్పుడూ తెచ్చివ్వలేదంది. ఆ మర్నాడే కోసింది. మత్తు ఇంజెక్షన్ మెడకే ఇచ్చింది కాబట్టి అమ్మకి మెలకువ ఉంది. లోపల్నుంచి అమ్మ మాటలు మాకు వినపడుతూనే ఉన్నాయి. డాక్టరమ్మకి ఎన్ని సంబంధాలు వచ్చాయో, ఎందుకు వద్దందో కుట్లు పూర్తయ్యేలోపు అంతా రాబట్టేసింది. మచ్చని చిన్న సీసాలో వేసి ల్యాబుకి పంపారు. నాన్న ఆ సీసాని వెళ్ళేదాకా చూస్తూ నిలబడ్డాడు.

ఫలితం కోసం ఎదురుచూసిన రోజుల్లో స్టూడియోలో జనం ఇంకా పెరిగారు. నాన్న పిల్లల్ని కూర్చోబెట్టి "కదలొద్దు" అని తనే కదిలిపోయేవాడు. తలలు తెగిన ఫొటోలు వస్తే మళ్ళీ పిలిచేవాడు. ఎవరి మొహం మీదైనా మచ్చ కనపడితే "ఇది ఎప్పట్నుంచి ఉంది బాబూ?" అని వాళ్ళని హడలగొట్టేవాడు. పిన్ని షాపు నుంచి మిగిలిన కేకు ముక్కలు తెచ్చేది, ఎవరూ తినేవాళ్ళం కాదు. అమ్మ ఒక్కతే మెడకి కట్టుతో మామూలుగా తిరుగుతూ మమ్మల్ని తిడుతుండేది.

ఒక పొద్దున్న వరస మెట్ల దాకా ఉండగా డాక్టరమ్మ రోడ్డు దాటి రావడం కనపడింది. అటూ ఇటూ చూసుకోకుండా, తెల్లకోటు మీదే, చేతిలో కాగితంతో పరిగెత్తినట్టే వస్తోంది. ఆటోవాడు బ్రేకు వేసి తిట్టినా ఆగలేదు. నాన్న కెమెరా వదిలేశాడు. అమ్మ మెట్ల మీద సగంలో ఆగింది.

"అది చెడ్డదేనండీ" అంది డాక్టరమ్మ ఆయాసపడుతూ. "క్యాన్సరే మొదలైంది. ఆగండి, పూర్తిగా వినండి! పై పొరలోనే ఉంది. లోపలికి దిగలేదు. అంచుల్లో ఎక్కడా ఏమీ లేదు, మొత్తం వచ్చేసింది. జాగ్రత్త కోసం చుట్టూ ఇంకొంచెం తీస్తాను, తర్వాత మూడు నెలలకోసారి చూపించుకుంటే చాలు. ఇంకొన్నాళ్ళు ఆగుంటే ఈ మాట చెప్పగలిగేదాన్ని కాదు. పార్లర్‌లో కాల్పించేసుకుని ఉంటే అసలు మనకి తెలిసేదే కాదు."

పిన్ని ఓ అని ఏడుస్తూ డాక్టరమ్మని వాటేసుకుంది. నేను ఎగురుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. వరసలో ఉన్న పిల్లలకి విషయం ఏమిటో అర్థం కాకపోయినా మంచిదేదో జరిగిందని తెలిసి ఈలలు వేశారు.

నాన్న మాత్రం గబగబా వెళ్ళి లైట్లు ఆర్పేసి, షట్టరు సగం దించాడు. "ఇవాళ ఫొటోలు తీయను. అందరూ రేపు రండి" అన్నాడు.

అమ్మ మిగిలిన మెట్లు దిగి వచ్చి షట్టరు మళ్ళీ పైకి తోసింది.

"ఎందుకు తీయరు? పాపం పొద్దున్నించీ నిలబడ్డారు పిల్లలు. లైట్లు వేయండి. నేనున్నాగా, పదండి."

నాన్న లైట్లు వేశాడు. కెమెరా వెనక్కి వెళ్ళి, దాని మీద తల ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. స్టూలు మీద కూర్చున్న కుర్రాడు కదలకుండా ఎదురుచూశాడు, వరసలో ఎవరూ తొందరపెట్టలేదు.